డి విటమిన్ 9: ఏ బాధ దానిది, ఏది కాదు

ప్రశ్న: నా వయసు 46, మాది నల్గొండ జిల్లా. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 79 కిలోలు. నాలుగు నెలల కింద పరీక్ష చేయిస్తే డి విటమిన్ 9 (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో) వచ్చింది. డాక్టరు 60,000 యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున 8 వారాలు రాశారు. అవి అయిపోయి రెండు నెలలైంది. ఒళ్లు నొప్పులు సగమే తగ్గాయి. మూడు నెలల షుగర్ సగటు 6.1 ఉంది. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. జుట్టు బాగా రాలుతుంటే బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్ర మొదలుపెట్టాను. మనసు కూడా దిగులుగా ఉంటోంది. వీటన్నిటికీ డి విటమిన్ లోపమే కారణమని యూట్యూబ్‌లో చెబుతున్నారు, నిజమేనా? సాచెట్లు జీవితాంతం వాడాలా? రోజూ పొద్దున ఏడింటికి డాబా మీద లేత ఎండలో నడుస్తాను, అయినా ఎందుకు తగ్గింది? మా వారికి (52) 17 ఉంటే ఆయనా నా సాచెట్లే వేసుకుంటున్నారు. ఆయనకు ఇదివరకు కిడ్నీలో రాయి వచ్చింది, బీపీ మాత్ర కూడా వాడతారు. మా అత్తమ్మకు (76) ఏడాదికోసారి 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేయిస్తున్నాం. ఇంకోమాట, కింద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేకపోతున్నాను. వయసు పైబడుతోంది కదా అని ఊరుకున్నాను. – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చివర్లో వయసు మీదికి నెట్టేసిన మాటే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది. 46 ఏళ్ల మనిషి నేల మీద నుంచి లేవడానికి చేయి ఆనించాల్సి వస్తోందంటే అది వయసు పని కాదు. తొడల పైభాగం, తుంటి చుట్టూ ఉండే పెద్ద కండరాలు బలహీనపడ్డాయని అర్థం. డి విటమిన్ బాగా పడిపోయినప్పుడు ముందు దెబ్బతినేది ఈ కండరాలే. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సి రావడం, బస్సు ఫుట్‌బోర్డు ఎక్కలేకపోవడం, నడక కాస్త అటూ ఇటూ ఊగినట్టు కావడం కూడా ఇందులో భాగమే. దీనికి తోడు నడుము, తుంటి, పక్కటెముకల్లో పట్టి ఉండే నొప్పి, మోకాలి కింద ముందు ఎముకను బొటనవేలితో గట్టిగా నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే ఆస్టియోమలేసియాను, అంటే ఎముకలు మెత్తబడటాన్ని, అనుమానించాలి. పిల్లల్లో ఇదే రికెట్స్.

ఇది జరిగే తీరు తెలిస్తే మందు ఎలా వాడాలో కూడా అర్థమవుతుంది. డి విటమిన్ సరిపడా లేకపోతే తిండిలోని క్యాల్షియంలో పేగు పీల్చుకునేది 10–15 శాతమే. ఉంటే 30–40 శాతం దాకా పీల్చుకుంటుంది. రక్తంలో క్యాల్షియం తగ్గితే గుండె, నరాలు ఊరుకోవు. అందుకే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను (పీటీహెచ్) పెంచి ఎముకల్లోంచి క్యాల్షియం లాగుతాయి, మూత్రంలోకి ఫాస్ఫరస్‌ను వదిలేస్తాయి. రక్తపరీక్షలో క్యాల్షియం చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది, కానీ ఆ ఖర్చంతా ఎముకలది. కొత్తగా తయారైన ఎముకకు ఖనిజం అందక మెత్తగా ఉండిపోతుంది. కాబట్టి క్యాల్షియం ఒక్కటి చూసి "అంతా బాగుంది" అనుకోకూడదు.

మీ నొప్పులు సగంలో ఆగిపోవడానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, బరువు. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 33 దగ్గర ఉంది, అంటే స్థూలకాయం. డి విటమిన్ కొవ్వులో కరిగేది. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే వేసుకున్నది అందులో పంచుకుపోయి రక్తంలో తక్కువ కనిపిస్తుంది. స్థూలకాయం ఉన్నవారికి మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు అవసరం కావచ్చని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2011లోనే చెప్పింది. 8 సాచెట్లు సన్నగా ఉన్న మనిషికి సరిపోయినా మీకు సరిపోకపోవచ్చు.

రెండు, కోర్సు తర్వాత మీరు ఏమీ వేసుకోలేదు. లివర్‌లో తయారై రక్తంలో తిరిగే నిల్వ రూపం (రిపోర్టులో 25-హైడ్రాక్సీ అని ఉండేది అదే) రెండు మూడు వారాల్లో సగానికి తగ్గుతుంది. రెండు నెలల విరామంలో మళ్లీ కిందికి జారిపోయి ఉండొచ్చు.

మూడోది చాలామంది మరిచిపోయేది: క్యాల్షియం. సాచెట్ వేసుకుని క్యాల్షియం తినకపోతే ఎముకకు అందాల్సిన సరుకే లేదు. మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. అన్నం, పప్పు, కూర, పలుచటి మజ్జిగతో సాగే భోజనంలో అందులో సగం చేరడమూ కష్టమే. గేదె అయినా ఆవు అయినా 200 మిల్లీలీటర్ల పాలలో 240కి తగ్గకుండా ఉంటుంది, అంతే పాలతో తోడుపెట్టిన పెరుగులోనూ అంతే. 50 గ్రాముల రాగిపిండిలో సుమారు 175. రెండు పెద్ద చెంచాల నువ్వుల పొడి కలిపితే మరో 150 పైగా. ముళ్లతో సహా నమిలే చిన్న చేపలు తింటారా, ఇంకా మంచిది.

మాత్ర వాడాల్సి వస్తే డబ్బా మీద 1250 అని ఉన్నది చూసి మోసపోకండి. క్యాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాముల్లో అసలు క్యాల్షియం 500. అది భోజనం అయిన వెంటనే వేసుకోవాలి, ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. గ్యాస్‌కు రోజూ పాంటోప్రజోల్ వాడేవాళ్లకు సిట్రేట్ రకం మేలు. ఒక్కసారికి 500 మించితే పేగు పీల్చుకోలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రకూ క్యాల్షియానికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. రెండూ కలిస్తే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూపే రక్తపరీక్ష) పెరిగి "డోసు చాలట్లేదు" అని పెంచేస్తారు. పొద్దున థైరాయిడ్, మధ్యాహ్నం అన్నం తర్వాత క్యాల్షియం, ఇలా పెట్టుకోండి. ఐరన్ మాత్ర ఉంటే అది రాత్రికి.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న. షుగర్, థైరాయిడ్, జుట్టు, దిగులు అన్నీ డి విటమిన్ వల్లేనా?

వీటన్నిటిలోనూ డి విటమిన్ తక్కువ కనిపిస్తుందన్న మాట నిజం. గుండెజబ్బు, బీపీ, క్యాన్సర్లు, ఆస్తమా, పీసీఓడీ, టీబీ, ఈ జాబితా చాలా పెద్దది. తక్కువ ఉండటం వల్లే జబ్బు వచ్చిందని చెప్పాలంటే మాత్రం అది చాలదు. ఒంట్లో బాగోలేనివాళ్లు బయటికి వెళ్లరు, ఎండ తగలదు. లావుగా ఉన్నవాళ్లకు రక్తంలో డి తక్కువ కనిపిస్తుంది, షుగర్ కూడా వాళ్లకే ఎక్కువ వస్తుంది. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు ఈ సంఖ్య దానంతటదే పడిపోతుంది. జ్వరంలోనో ఆపరేషన్ తర్వాతో చేయించిన పరీక్షను నమ్మకూడదనేది ఇందుకే. జబ్బే ముందొచ్చి డి తగ్గిందా, డి తగ్గి జబ్బు వచ్చిందా అన్నది తేలాలంటే సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ల తరబడి చూడాలి. అలా చూశారు కూడా.

మీకు నేరుగా వర్తించేది షుగర్ సంగతి. అమెరికాలో మీలాగే బోర్డర్‌లో ఉన్న 2,423 మందిని తీసుకుని సగం మందికి రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చారు. 2019లో ఫలితం వచ్చింది: సుమారు రెండున్నరేళ్లలో డి తీసుకున్న 1,211 మందిలో 293 మందికి, తీసుకోని 1,212 మందిలో 323 మందికి షుగర్ వచ్చింది. ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. ఇలాంటి మూడు అధ్యయనాలను కలిపి 2023లో లెక్కగడితే ముప్పు 15 శాతం తగ్గినట్టు తేలింది. సున్నా కాదు, కానీ కొద్దే. దీని పక్కన చెన్నైలో జరిగిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితం పెట్టి చూడండి. అక్కడ నడక, తిండిలో మార్పులతోనే మూడేళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. మీ 6.1కి సాచెట్ కంటే రాత్రి అన్నం సగానికి తగ్గించి అరగంట నడవడమే గట్టి మందు.

గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ విషయంలో వైటల్ అనే అధ్యయనం 25,871 మందికి అయిదేళ్లకు పైగా నడిచింది. రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చినా ఈ మూడూ తగ్గలేదు. దిగులు, డిప్రెషన్ కూడా తగ్గలేదు. ఆస్ట్రేలియాలో 60 దాటిన 21,315 మందితో డి-హెల్త్ అధ్యయనం చేశారు. అందులో ఇచ్చింది నెలకు 60,000, అంటే మన మెడికల్ షాపుల్లో అమ్మే సాచెట్ మోతాదే. అయిదేళ్లలో మరణాలు తగ్గలేదు. మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలకు ఇచ్చి చూస్తే టీబీ సోకడం తగ్గలేదు. ఒక్క చోట మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం వచ్చింది: వైటల్‌లోనే రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు కొత్తగా రావడం 22 శాతం తగ్గింది.

ఈ అధ్యయనాలకు ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మంగోలియా పిల్లలను మినహాయిస్తే, వాటిలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమందికి మొదట్లోనే 25–30 ఉంది. మీలా 9 ఉన్న పెద్దవాళ్లు చాలా తక్కువ. అందుకే మీ లోపాన్ని పూర్తిగా సరిచేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. మీ కండరాలకు, ఎముకలకు అది మందు. చాలినంతగా లెక్కించే 20 దాటాక ఇంకా పెంచితే జుట్టు మొలుస్తుందనీ షుగర్ పోతుందనీ మాత్రం ఆశ పెట్టుకోకండి. 60–80కి తీసుకెళ్లమనే వీడియోలకు ఆధారం లేదు.

జుట్టు రాలడానికి ముందు చూడాల్సింది ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్. నలభైల్లో నెలసరి ఎక్కువగా అవుతున్న ఆడవాళ్లలో ఫెర్రిటిన్ చాలాసార్లు అడుగంటి ఉంటుంది. థైరాయిడ్ మాత్ర డి విటమిన్‌తో ఆగదు, ఎవరు చెప్పినా ఆపొద్దు. దిగులు రెండు వారాలకు మించి రోజంతా ఉంటే, నిద్ర, ఆకలి చెడితే, దానికి విడిగా డాక్టరును కలవాలి.

మీ బయోటిన్ మాత్ర వల్ల ఒక చిక్కుంది, ఇది చాలామందికి తెలియదు. జుట్టు మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. చాలా ల్యాబ్ యంత్రాలు పరీక్ష చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతాయి. రక్తంలో అది ఎక్కువుంటే డి విటమిన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, టీఎస్‌హెచ్‌నూ పీటీహెచ్‌నూ ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అది నమ్మి థైరాయిడ్ డోసు తగ్గించేస్తారు. రక్తం ఇవ్వడానికి మూడు రోజుల ముందు ఆ మాత్ర ఆపండి.

లేత ఎండ సంగతి. చర్మంలో డి విటమిన్ తయారుచేసేది సూర్యకాంతిలోని యూవీ-బి కిరణాలు. పొద్దున ఏడింటికి సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు, ఆ కిరణాలు వాతావరణంలోనే ఇంకిపోతాయి. ఆ వేళ నడక ఒంటికి మంచిదే, డి విటమిన్‌కు దాదాపు పనికిరాదు. తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు, నీడ చాలు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే యూవీ-బి చాలినంత వస్తుంది. మన ప్రాంతంలో డిసెంబర్‌లో అది సుమారు పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నరకే మొదలవుతుంది కాబట్టి వడదెబ్బ తగిలే వేళ దాకా ఆగక్కర్లేదు. ముఖం, వేళ్లు మాత్రమే ఎండలో పెడితే చాలదు, మోచేతుల పైదాకా, పాదాలు, వీలైతే పిక్కలు కూడా తగలాలి. చామనఛాయ, నలుపు చర్మానికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు కావాలి. వారానికి మూడు నాలుగు సార్లు, 20–30 నిమిషాలు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు, యూవీ-బి అద్దం దాటదు.

ఇంత ఎండ ఉన్న నేలలో ఈ లోపమేమిటని అందరికీ ఆశ్చర్యమే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఆ చుట్టుపక్కల ఊళ్లలోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పరీక్షలు చేస్తే చాలామందిలో లోపం బయటపడింది. దాంతో పాటు తిండిలో క్యాల్షియం తక్కువ, ధాన్యాల్లోని ఫైటేట్లు (క్యాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే పదార్థాలు) ఎక్కువ అని కూడా తేలింది. ఆ రెండింటికీ సంబంధం ఉంది: క్యాల్షియం చాలనప్పుడు ఒళ్లు డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. తిండితో డి భర్తీ చేయడం కష్టం. గుడ్డుకు 40 యూనిట్లు. విటమిన్లు కలిపారని చెప్పే ప్లస్-ఎఫ్ గుర్తున్న పాలలోనూ లీటరుకు 200–300కి మించవు. 9 ఉన్నప్పుడు ఎండ, తిండి తోడు మాత్రమే, మందు తప్పదు.

మీది నల్గొండ జిల్లా కాబట్టి ఒక మాట. చిన్నప్పుడు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి ఉంటే నొప్పులకు అదీ కారణం కావచ్చు. ఫ్లోరోసిస్‌లో ముఖ్యంగా బిగుసుకుపోవడం ఉంటుంది, మెడ తిరగదు, నడుము వంగదు. మీరు చెప్పిన లేవలేని బలహీనత ఆస్టియోమలేసియా వైపు చూపిస్తోంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. తుంటి, ముంజేయి ఎక్స్‌రే తీస్తే తేడా తెలుస్తుంది.

ఇక చేయాల్సింది. బయోటిన్ ఆపి మూడు రోజులయ్యాక 25-హైడ్రాక్సీ విటమిన్ డి, క్యాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల స్థితి చూపే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పీటీహెచ్, టీఎస్‌హెచ్, ఫెర్రిటిన్ చేయించండి. 1,25 అని ఇంకో ఖరీదైన పరీక్ష ఉంది, పొరపాటున అది చేయించకండి. లోపం ఉన్నా అది మామూలుగానే రావచ్చు. డి ఇంకా 20 లోపే ఉంటే మరో 8 వారాలు సాచెట్లు అవసరం కావచ్చు. విరేచనాలు తరచూ కావడం, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్, టీబీకి రిఫాంపిసిన్ వాడటం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, అవి డిని తగ్గిస్తాయి. 20 దాటితే రోజుకు 2,000 యూనిట్ల మాత్ర చాలు. నెలకో సాచెట్ అన్నా లెక్క అదే, కానీ రోజూ కొంచెం వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. బరువు తగ్గి, ఎండ, క్యాల్షియం కుదిరితే దీన్నీ తగ్గించవచ్చు. జీవితాంతం సాచెట్లు వాడాలన్న నియమం లేదు. పరీక్ష మళ్లీ మూడు నెలల తర్వాతే. నెలనెలా చేయించడం డబ్బు దండగ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మొదట్లో కాస్త పెరిగినా భయపడకండి, ఎముక మానుతున్నప్పుడు అలా జరుగుతుంది. కండరాల బలం కొన్ని వారాల్లో, నొప్పి కొన్ని నెలల్లో తగ్గాలి. డి 30 దాటి మూడు నెలలైనా నేల మీద నుంచి లేవలేకపోతే కారణం వేరే ఉంది, న్యూరాలజిస్టుకు చూపించాలి.

సాచెట్ నెయ్యి, నూనె ఉన్న పెద్ద భోజనం తర్వాత పాలలో కలిపి తాగాలి. వారంలో ఒక రోజును ఎంచుకుని క్యాలెండరులో టిక్కు పెట్టండి. మన దగ్గర తరచూ జరిగే ప్రమాదం వారానికొకటి వేసుకోవాల్సినది రోజుకొకటి వేసుకోవడం. అలా 8 రోజుల్లో 4,80,000 యూనిట్లు ఒంట్లోకి పోతాయి.

మీ వారు ఆ సాచెట్లు ఇవాళే ఆపాలి. 17 అంటే ఎముకలు మెత్తబడే స్థాయి కాదు, తొందరేమీ లేదు. ముందు ఆయన బీపీ మాత్ర పట్టీ చూడండి. దానిలో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉంటే అవి క్యాల్షియాన్ని మూత్రంలోకి పోనివ్వవు. పైన డి, క్యాల్షియం కలిపితే రక్తంలో క్యాల్షియం పెరగొచ్చు. రాళ్ల సంగతికొస్తే, అమెరికాలో 36,282 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో క్యాల్షియం, డి మాత్రలు కలిపి వాడినవాళ్లకు కిడ్నీ రాళ్లు 17 శాతం ఎక్కువ వచ్చాయి. ఆయనకు రక్తంలో క్యాల్షియం, పీటీహెచ్, 24 గంటల మూత్రంలో క్యాల్షియం చూశాక, డాక్టరు సరేనంటే రోజుకు 1,000 యూనిట్లు చాలు. రాయి వచ్చిందని పాలు, పెరుగు మాన్పించకండి. భోజనంలోని క్యాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేస్తుంది, అది రాయికి విరుగుడే.

అత్తమ్మగారి ఇంజెక్షన్ మానేయండి. 70 దాటిన 2,256 మంది ఆస్ట్రేలియా స్త్రీలలో సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇస్తే, పడిపోవడం 15 శాతం, ఎముకలు విరగడం 26 శాతం పెరిగాయి. అదీ మందు పడిన మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. 2010లో ఈ ఫలితం వచ్చాక కూడా మన దగ్గర ఏడాది ఇంజెక్షన్ అలవాటు పోలేదు. పేగు పీల్చుకోలేని జబ్బు ఉన్నవాళ్లకు తప్ప దానితో పనిలేదు. ఆవిడకు రోజుకు 800 నుంచి 1,000 యూనిట్లు, 75 దాటినవాళ్లకు పరీక్ష లేకుండానే ఇవ్వొచ్చు. ఇంజెక్షన్ వేసి ఆరు నెలలు కాకపోతే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి.

ముగ్గురిలో ఎవరికైనా వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, గట్టి మలబద్ధకం, మగతగా తికమకగా మాట్లాడటం కనిపిస్తే సాచెట్లు, క్యాల్షియం మాత్రలు అన్నీ ఆపి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సీరం క్యాల్షియం, క్రియాటినిన్ చేయించండి. వేసుకున్న సాచెట్ల ఖాళీ ప్యాకెట్లు వెంట తీసుకెళ్లండి.